పూడిక తీసే ముందు గడ్డి ఎక్కడుందో చూడండి

సంపాదకుడు గారికి,

పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాల పూడిక మాట వచ్చినప్పుడల్లా నీటి అడుగున ఉన్న పచ్చదనమంతా ‘నాచు’ పద్దు కిందే జమవుతోంది. పూడిక తీయాల్సిందే. రాయదొరువు ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేస్తే సరస్సులోకి ఉప్పునీరూ రాదు, రొయ్యపిల్లా రాదు. పేచీ అల్లా ‘నాచు’ అన్న ఆ ఒక్క మాటతోనే, సముద్రగడ్డి కూడా అందులో కలిసిపోతోంది. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ సముద్రగడ్డి ఉన్న చోట్లను అన్నిటికన్నా కట్టుదిట్టమైన 1-ఎ విభాగంలో పెట్టింది. ఆ జాబితాలో నాచు లేదు.

తేడా పట్టడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. గుప్పెడు మొక్కను బురదతో సహా పెకలించి అక్కడి నీళ్లలోనే జాడించాలి. అడుసులో అడ్డంగా పాకే కాడ, దానికి గణుపులు, గణుపుల దగ్గర వేళ్లు, ఆకులో ఈనెలు ఉంటే అది గడ్డి, పూలు పూసే మొక్క. చేతివేళ్ల మధ్య జారిపోయే ఆకుపచ్చ గొట్టంపోగులు ఉల్వా నాచు. గుండ్రటి తీగల్లా కొమ్మలు వేసేది గ్రాసిలేరియా. వీటికి వేళ్లుండవు, రాయినో గుల్లనో పట్టుకునే చిన్న పట్టు తప్ప. (వార్తల పక్కన వేసే బారెడు పొడవు కెల్ప్ అనే నాచు బొమ్మలు చల్లటి సముద్రాలవి, మన తీరంలో అది పెరగదు.)

గడ్డిలోనూ రకాలున్నాయి. గణుపుకు రెండేసి కోడిగుడ్డు ఆకారపు ఆకులు, నడిమి ఈనె నుంచి అడ్డ ఈనెలు ఉంటే హాలోఫిలా ఓవాలిస్. పొట్టి కాడ కొసన సన్నటి ఆకులు గుత్తిగా ఉండి, అడ్డ ఈనెలు లేకపోతే హాలోఫిలా బెక్కారీ. ఇది అంతరించే ముప్పున్న జాతుల ప్రపంచ జాబితాలో ఉన్న మొక్క. పైగా కొన్ని నెలలు కనిపించకుండా పోయి, బురదలో దాగిన గింజల నుంచి మళ్లీ మొలుస్తుంది. కాబట్టి ఒక్కసారి వెళ్లి ‘లేదు’ అని రాస్తే చెల్లదు. వర్షాలు తగ్గి నీరు తేరాక ఒకసారి, ఎండాకాలంలో ఇంకోసారి చూడాలి. 50 మీటర్ల తాళ్లు మూడు, 25 మీటర్ల ఎడంతో పరిచి, మొదలు నుంచి 5 మీటర్లకొకటి చొప్పున అర మీటరు భుజం ఉన్న చదరపు చట్రం వేస్తే 33 చట్రాలు. ఒక్కోదానిలో గడ్డి ఎంత శాతం కప్పిందో, నాచు ఎంత శాతమో వేర్వేరు గడుల్లో రాయాలి.

తవ్వకం కన్నా తవ్విన మట్టితోనే ఎక్కువ నష్టం. సన్నటి ఒండ్రు కలిసి నీరు మసకబారితే అడుగుకు వెలుగు చేరదు. చీకట్లో ఓవాలిస్ సుమారు నెల రోజులకు మించి బతకదు. అందుకని మట్టి ఎక్కడ పోస్తారో టెండరు పత్రంలోనే పటంతో చూపించాలి. ఆ చోటు లోతు తక్కువ సరస్సు నీళ్లలో మాత్రం ఉండకూడదు.

– ఒక పాఠకుడు, నెల్లూరు