2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. తాబేళ్ల కోసం పెట్టే చేపల వేట నిషేధం మొదలైన నవంబర్ 1 నుంచి అది ముగిసిన మే 31 దాకా జరిగిన పనులు ఇందులో ఉన్నాయి. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్లని కాపాడుకోవడానికే ఈ సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే, ఇంకా వివరంగా రాయడం లేదు.

ముందుగా మార్కుల సంగతి. జాతీయ పార్కులు, అభయారణ్యాల నిర్వహణ ఎలా ఉందో కేంద్రం 2006 నుంచి మదింపు చేయిస్తోంది. మన ఒడిశాలోనే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇంకో తీరం గహిర్‌మథ 1997లోనే సముద్ర అభయారణ్యం అయింది. మన ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగకు ఆ హోదా లేదు. మనకి మార్కులు ఎవరు వేస్తారు? అందుకే మనమే వేసుకున్నాం. అభయారణ్యాల్లాంటి చోట్ల నిర్వహణ ఎలా ఉందో కొలిచే ‘మెట్’ అనే ప్రశ్నావళిని మన తెలుగులోకి మార్చి, ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి 3 దాకా వేస్తూ గుడి అరుగు మీద రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాం. ఈ పని ఇంకెక్కడా చూడలేదు, గొప్ప కోసం చెప్పడం లేదు.

గొడవ కూడా బాగానే జరిగింది. ఈ ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి కదా, అన్నిటికీ 3 వేసేద్దామని కుర్రాళ్లు. ఒక పెద్దాయన లేచి, “పోయినేడు మూకుమ్మడిగా రాలేదు, అప్పుడు మనకి సున్నాయేనా? తాబేలు వచ్చిందా అని కాదురా, వస్తే మనం సిద్ధంగా ఉన్నామా అని అడుగుతున్నారు” అన్నారు. ఆ తర్వాత పెన్నులు నెమ్మదించాయి. కాపలాకి 2, దీపాలకి 1 పడ్డాయి. నిర్ణయాల్లో ఊరివాళ్ల మాట చెల్లుతోందా అన్న ప్రశ్నకి సున్నా. తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట మానేది మనం, ఆ మీటింగుల్లో కుర్చీ లేనిది మనకే.

మార్కులు చూశాక వీధి దీపాలకి సముద్రం వైపు రేకులు కట్టాం. తాబేలు పిల్లలు వెలుగుని చూసి ఊళ్లోకి పాకడం తగ్గింది. రోడ్డు పక్క లైట్లు మాత్రం అలాగే ఉన్నాయి. అర్జీ రెండుసార్లు ఇచ్చాం. అరుగు మీటింగుకి పిలిచిన అధికారి వస్తానని రాలేదు. డ్యూటీ దిగి సొంతంగా వచ్చిన ఫారెస్టు గార్డు తమ్ముడికి మాత్రం దండం.

కృతజ్ఞతలు: రాత్రుళ్లు టీ కాచిన అక్కచెల్లెళ్లకి, గుడ్ల మీద నుంచి కుక్కల్ని తరిమిన హైస్కూలు పిల్లలకి, తెగిన వలలు ఏరిన పడవల వాళ్లకి, జనరేటరు ఇచ్చిన బరంపురం బంధువులకి, ఒడియా అర్జీలు రాసిపెట్టిన మాస్టారికి.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, చూసుకోవచ్చు. చందా బాకీలు చాలా ఉన్నాయి.

రాత్రి కాపలాకి పేర్లిచ్చిన వాళ్లలో సగం మందిని ఫొటోలు తీసిన రోజే చూశాను. నవంబర్ జాబితా ఈ సమావేశంలోనే రాస్తాం. వచ్చేవాళ్లే పేరివ్వండి.

– కార్యదర్శి