రేకులు దించేవాడికి రక్షణ ఏది?

సంపాదకులకు,

తుపాను తీరం దాటిన వారానికల్లా కోస్తా ఊళ్లలో పగిలిన సిమెంటు రేకులు దించి కొత్తవి బిగించే పని జోరందుకుంటుంది. వచ్చే మనిషి చేతిలో నాలుగంగుళాల కటింగ్ మిషన్, మూతికి తువ్వాలు. బ్లేడు ఆనగానే పొగలా దుమ్ము లేస్తుంది. పని ముగిసేసరికి కనుబొమలు, చెవి మడతలు విభూతి పూసినట్టుంటాయి. ఆ కనిపించే దుమ్ము చాలావరకు సిమెంటే. అందులో కలిసి లేచే రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, కంటికి ఆనదు.

పది అడుగుల రేకు దాదాపు 40 కిలోలు తూగుతుంది. అందులో నూటికి ఎనిమిది నుంచి పది పాళ్లు క్రైసోటైల్ రకం రాతినార. సిమెంటులో బిగిసి ఉన్నంతకాలం పెద్దగా బయటికి రాదు. కోసినప్పుడు, పగిలినప్పుడు సన్నటి నారలుగా చీలి గాలిలో తేలుతుంది. గాలి పరీక్షల్లో లెక్కపెట్టేది 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పొడవు, 3 మైక్రాన్ల కన్నా సన్నం ఉన్న నారల్ని. వాటిని తువ్వాలు ఆపదు, సర్జికల్ మాస్కు ఆపదు. ఈ పనికి ఎన్95 కూడా చాలదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 9473లోని ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు, అంటే అతి సన్నటి దుమ్మును ఆపే రకం, కావాలి. గడ్డం పెరిగి ఉంటే అదీ ముఖానికి సరిగా అతుక్కోదు.

ఆస్‌బెస్టోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు), ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) బయటపడటానికి ఇరవై ఏళ్లు, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. పాతికేళ్ల వయసులో రేకులు కోసినవాడికి అరవైలో ఆయాసం వస్తే ఆ రేకు ఎవరికి గుర్తుంటుంది? ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ మందులు మొదలుపెట్టేస్తారు. 'వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారు?' అని డాక్టరు అడిగితేనే కారణం తెలిసే అవకాశం ఉంటుంది.

2025 నవంబరు దాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు క్రైసోటైల్‌కు పెట్టిన పరిమితి మిల్లీలీటరు గాలికి ఒక నార. ఒళ్లు వంచి పనిచేసే మనిషి ఎనిమిది గంటల్లో పీల్చే గాలి సుమారు 10 ఘనపు మీటర్లు, అంటే కోటి మిల్లీలీటర్లు. పరిమితి దాటని షెడ్డులో కూడా రోజుకు కోటి నారల దాకా లోపలికి పోవచ్చన్నమాట. అమెరికాలో, బ్రిటన్‌లో ఈ పరిమితి 0.1 నార. యూరోపియన్ యూనియన్ 2025 డిసెంబరు 21 గడువు పెట్టి 0.01కి దించింది.

సుప్రీంకోర్టు 1995 జనవరి 27 తీర్పులో ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా భద్రపరచాలని చెప్పింది. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో రాతినార తవ్విన కార్మికులకూ ఈ రికార్డులు ఉండాల్సిందే. అయితే హాజరు పట్టీ ఉన్నచోటే రికార్డు ఉంటుంది. ఈరోజు ఒక ఇంటిపైన, రేపు ఇంకో షెడ్డుపైన పనిచేసే కూలికి హాజరు పట్టీ ఎక్కడిది?

ఈ రేకులను నిషేధించాలన్నదే మా అభిప్రాయం. రేపే నిషేధించినా, ఇప్పటికే కప్పుల మీద ఉన్నవాటిని దించేది మనుషులే. దానికో పద్ధతి ఉంది. ముందు నీళ్లలో కొంచెం సబ్బు ద్రావణం కలిపి, చేనుకు మందు కొట్టే స్ప్రేయరుతో రేకును రెండువైపులా తడపాలి. సబ్బు లేకపోతే నీరు లోపలికి ఇంకకుండా జారిపోతుంది. ప్రెషర్ వాషర్ మాత్రం వాడొద్దు, అది నారల్ని రేపుతుంది. రేకును బిగించిన, తుప్పుపట్టిన జె-హుక్కులను రేకు పగలగొట్టి లాగకుండా బోల్టు కట్టరుతో తెంచాలి. రేకును విసిరేయకుండా తాడు కట్టి నిలువుగా దించాలి. కప్పు మీద నడిచేందుకు పలకలు తప్పనిసరి, పాత రేకు మనిషి బరువు ఆపదు. కోయక తప్పకపోతే తడుపుతూ చేతి రంపంతోనే కోయాలి. కింద పడిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను కూడా రేకులతో పాటు మందపాటి పాలిథీన్‌లో రెండు పొరలు చుట్టి టేపు వేయాలి. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదు. వాటిని దులిపి ఉతికే ఇల్లాలికీ ఆ జబ్బులు వస్తాయి.

చుట్టిన రేకులు చేరాల్సింది దుండిగల్, పరవాడ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు. ఇప్పుడు ముక్కలు చేరుతున్నది రోడ్డు గుంతల్లోకి. అక్కడ లారీ చక్రాలు వాటిని పిండి చేస్తాయి.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో, ప్రమాదకరమైన పని అని ప్రభుత్వం నోటిఫై చేస్తే ఒక్క కార్మికుడున్న చోటికీ దాన్ని వర్తింపజేసే వీలుంది. ఆస్‌బెస్టాస్ రేకులు కోయడం, దించడం ఆ జాబితాలో చేర్చాలి. నిర్మాణ వ్యయంపై వసూలు చేసే 1 శాతం సెస్సు నుంచి నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఈ కూలీలకు మాస్కులు, ఏటా ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్య పరీక్ష) ఇప్పించి, చేసిన పనిని కార్డులో రాయించాలి. ప్రభుత్వ బడులు, హాస్టళ్ల కప్పులు మార్చే ఎస్టిమేట్లలో తడపడానికి, చుట్టడానికి, రవాణాకు విడిగా ఐటెం పెట్టాలి. ఎస్టిమేట్‌లో లేని పని ఏ కాంట్రాక్టరూ చేయడు.

— ఒక పారిశ్రామిక భద్రతా ఇంజినీరు, విశాఖపట్నం