విశాఖ రుషికొండ బీచ్ గురించి నువ్వడిగిన దానికి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. "రుషికొండ మొత్తం మార్చేస్తున్నారంట కదా, మనం సర్ఫింగ్ బోర్డులేసుకుని దిగిన చోటు మిగులుతుందా?" అని అడిగావు. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ముందు మంచి కబురు: కెరటం ఉందిరా. నైరుతి గాలి పట్టాక పొద్దున్నే వెళ్తే ఇప్పటికీ మనసు నిండిపోతుంది. కొత్త పిల్లలు బాగా వస్తున్నారు. జాలర్ల కుర్రాళ్ళయితే వారం తిరక్కుండానే బోర్డు మీద నిలబడిపోతున్నారు. తెప్పల మీద పెరిగినవాళ్ళు కదా, సముద్రం ఎప్పుడు లేస్తుందో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక నా బాధ. ఏ పార్టీ వచ్చినా మన తీరాన్ని ఖాళీ స్థలంలాగే చూస్తోంది. ఖాళీగా కనబడితే చాలు, అక్కడేదో ఒకటి పెట్టెయ్యాలి.

2020 అక్టోబర్‌లో వాయుగుండం వచ్చినప్పుడు తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది, గుర్తుందా? దాన్ని అక్కడే ఉంచి రెస్టారెంట్ చేస్తామన్నారు. తుఫాను విసిరేసిన ఇనుప ఓడని, ఇంకో తుఫాను వచ్చే చోటే నిలబెట్టి, అందులో జనాన్ని కూర్చోబెట్టి భోజనం పెడతారట! విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఆ తర్వాత ఆర్కే బీచ్‌లో తేలే వంతెన. సుమారు 1.6 కోట్ల ఖర్చు. 2024 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. మర్నాడే దాని చివరి భాగం విడిపోయి సముద్రంలో తేలుతూ కనబడింది. కావాలనే విడదీశాం, లంగర్లు ఎంత గట్టివో పరీక్షించాం, మాక్ డ్రిల్ అని అధికారులు చెప్పారు. సరే, వాళ్ళ మాటే నిజమనుకుందాం. అయినా ఆ చోటు ఎంచుకోవడమేంట్రా? ఆర్కే బీచ్‌లో ఒడ్డు నుంచి నాలుగు అడుగులేస్తే లోతు. కెరటం ఒక్కసారిగా ఒడ్డు మీదే విరుచుకుపడుతుంది, వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకతో సహా లాగేస్తుంది. అక్కడ ఎంతమంది పిల్లలు మునిగిపోయారో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. బీచ్‌లో బఠాణీలు అమ్మే ఆవిణ్ణి అడిగినా వద్దనే చెప్పేది. అడగాలని ఎవరికీ తోచలేదు.

రుషికొండ కొండ సంగతి నువ్వు వార్తల్లో చూసే ఉంటావు. పాత హరిత రిసార్ట్ పడగొట్టారు, పచ్చటి కొండని చెక్కేసి ప్రభుత్వ భవనాలు కట్టారు, కోర్టుల దాకా వెళ్ళింది. 2024 జూన్‌లో తలుపులు తీసి చూపించేదాకా లోపల ఏం కట్టారో ఊళ్ళోవాళ్ళకే తెలియదు. కట్టేశాక దాన్ని దేనికి వాడాలని చర్చలు పెట్టుకున్నారు. రాజకీయం వాళ్ళకే వదిలేద్దాం. నాకు మాత్రం నీళ్ళలో బోర్డు మీద కూర్చుని వెనక్కి తిరిగి చూస్తే ఆ కొండ కనబడాలి. ఇప్పుడు కొండ బదులు కాంక్రీటు కనబడుతోంది. చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, నన్ను అసలు టెన్షన్ పెడుతున్నది బీచ్ కారిడార్. పోర్టు నుంచి భోగాపురం విమానాశ్రయం దాకా తీరం వెంట ఆరు వరుసల రోడ్డు. ప్రభుత్వాలు మారినా ఆ మాట వినబడుతూనే ఉంది. విమానాశ్రయానికి రోడ్డు వద్దని నేను అనట్లేదు. ఆ పక్కన జాతీయ రహదారి ఉంది, దాన్ని వెడల్పు చేసుకోండి అంటున్నాను. సముద్రానికీ ఊళ్ళకీ మధ్య ఆరు వరుసలు వేస్తే జాలరి తన పడవ దగ్గరికి ఎలా వెళ్తాడు? వల ఎక్కడ ఆరేస్తాడు? దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్ళ పాటు గాలీ సముద్రమూ కలిసి పోసిన ఇసుక అది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. వాటి చుట్టూ చదును పనులూ తవ్వకాలూ ఇప్పటికే ఎన్ని గొడవలు తెచ్చాయో చూశాం.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తాను, ఎందుకంటే మన పెద్దవాళ్ళు పట్టించుకోని సంగతి ఇదొక్కటే. కెరటం అందంగా విరిగేది అడుగున ఉన్న ఇసుక మేట వల్ల. ఆ మేట కదులుతూ ఉంటుంది. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970లలో ఔటర్ హార్బర్‌కి రాతి గోడలు కట్టాక ఆ నడకకి అడ్డం పడింది. అందుకే పోర్టు వాళ్ళు అక్కడ చేరిన ఇసుకని డ్రెడ్జర్‌తో తీసి ఆర్కే బీచ్ వైపు పోస్తూ ఉండాల్సి వస్తోంది. పోయడం తగ్గితే బీచ్ కోసుకుపోతుంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఎంత కోసుకుపోయిందో నువ్వూ చూశావు. 2021లో పిల్లల పార్కు దగ్గర నేల కుంగి గోడే కూలింది. ఇంత జరిగాక కూడా రుషికొండ నుంచి భీమిలి దాకా కొత్త గోడలు, కొత్త రాళ్ళు, కొత్త రోడ్డు అంటుంటే భయం వేయదా? గోడ కట్టిన చోట కెరటం దానికి తగిలి వెనక్కి కొడుతుంది, ముందున్న ఇసుక పోతుంది. ఇసుక పోయాక సర్ఫింగ్ ఫెస్టివల్ ఎవరి కోసం పెడతారు?

అసలు కావాల్సినవి చిన్నవి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, 2025లో కొన్నాళ్ళు దింపేశారు. కారణాలేంటో తెలుసా? బాత్రూములు బాగోలేవు, కెమెరాలు పనిచెయ్యట్లేదు, కుక్కలు తిరుగుతున్నాయి. ఇవి బాగుచేశాకే మళ్ళీ జెండా ఎగిరింది. శుభ్రమైన బాత్రూము, మంచినీళ్ళు, పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఉండే లైఫ్‌గార్డులు, డ్రెయిను నీళ్ళు సముద్రంలోకి రాకుండా చూడటం. ఇవి చేస్తే చాలు. వీటికి డబ్బు కావాలని 2023లో మనిషికి 20 రూపాయల టికెట్ పెట్టబోయారు, జనం ఊరుకోలేదు కాబట్టి ఆగింది. అడిగితే ఆగుతుందని అప్పుడే నాకు నమ్మకం కలిగింది.

అందుకే మేమంతా కలిసి అభ్యంతరాలు రాసి పెట్టుకుంటున్నాం. తీరంలో పెద్ద ప్రాజెక్టు అంటే కోస్తా నియంత్రణ అనుమతి కావాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే మన మాట రికార్డులోకి ఎక్కుతుంది. తెలుగులోనే రాస్తున్నాం, జాలరిపేట పెద్దలు కూడా చదివి సంతకం పెట్టాలని. వాళ్ళు లేకుండా మనం వెళ్తే సరదా కోసం వచ్చిన కుర్రాళ్ళమనుకుంటారు.

నీ సాయం ఒకటి కావాలి. హుద్‌హుద్‌కి ముందు నువ్వు తీసిన ఫోటోలున్నాయి కదా, ఇసుక ఎక్కడిదాకా ఉండేదో కనబడేవి. పాత హార్డ్ డిస్క్ వెతికి, తేదీలు చెరపకుండా అసలు ఫైళ్ళే పంపు. వాట్సాప్‌లో వద్దు, తేదీ పోతుంది, మెయిల్ చెయ్యి. కొండా రోడ్డూ రెండూ ఒకే ఫ్రేములో పడ్డవైతే మరీ మంచిది, ఇప్పుడు అదే చోటి నుంచి నేను తీసి పక్కన పెడతాను. అమ్మకి నమస్కారాలు చెప్పు. ఈ నెలాఖరులోగా పంపరా, మర్చిపోకు.

నీ
రాజు