శాన్ స్టార్మ్ ఉన్నవాళ్లకు: ఇకపై ఏ పని చేస్తాం, ఏది చేయం

మా అనంతపురం షెడ్డులో శాన్ స్టార్మ్ కారు ముందు అద్దాలు, పైకప్పు (టాప్) ఫ్రేములకు ఇక ఆర్డర్లు తీసుకోం. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లు రసీదు తెస్తే డబ్బు పూర్తిగా వాపసిస్తాం. సామాను దొరకడం లేదు, దొరుకుతుందని నమ్మించడం మాకిష్టం లేదు.

1990ల చివర్లో శాన్ మోటార్స్ దించిన రెండు సీట్ల బండి ఇది. రెనో 1149 సీసీ ఇంజను, 60 హార్స్‌పవర్, ఫైబర్ బాడీ. ఆ పవరుకు స్పోర్ట్స్ కారన్న పేరు కాస్త ఎక్కువే. ఫైబర్ ఎంచుకోవడంలో మాత్రం లెక్కుంది. రేకు బాడీకి దాన్ని నొక్కి మలిచే ప్రెస్సు డైలకే కోట్లు పోయాలి, ఫైబర్‌కు అచ్చులు చాలు. కానీ ప్రతి బాడీకీ గాజు పీచు మ్యాటు చేత్తోనే పరవాలి, అచ్చులోనే గట్టిపడేదాకా ఆగాలి. ఎన్ని చేసినా బండికయ్యే ఖర్చు పెద్దగా దిగదు. మన పెనుకొండ కియా ప్లాంటులో టెస్టింగు, పొల్యూషన్ నిబంధనల ఖర్చు లక్షల బండ్లు పంచుకుంటాయి. చిన్న కంపెనీలో అదంతా కొద్ది బండ్ల నెత్తినే. ఇంజను కూడా బయటిదే. అలాంటి కంపెనీ ఆగిపోతే మొదట కరువయ్యేది దాని కోసమే చేయించిన అద్దం, రబ్బరు, ఫ్రేము.

ఇంజను పనులు ఎప్పట్లాగే చేస్తాం. అదే ఇంజను రెనో క్లియో, ట్వింగో కార్లలోనూ ఉంది కాబట్టి టైమింగ్ బెల్టు, గ్యాస్కెట్లు బయటి దేశాల నుంచి తెప్పించొచ్చు. ఆలస్యమవుతుంది, అంతే.

బాడీ పగుళ్లకు పుట్టీ రాసి రంగు కొట్టమని అడగకండి. నెలల్లో మళ్లీ అక్కడే విచ్చుకుంటుంది. పగులు కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, లోతుకు పన్నెండింతల వెడల్పున ఏటవాలుగా గ్రైండ్ చేసి, లోపలి వైపు నుంచి 450 జీఎస్ఎం (చదరపు మీటరుకు 450 గ్రాముల) మ్యాటు పొరలు వేస్తాం. మ్యాటును తడిపి గట్టిపడే రెజిన్ ద్రవం మ్యాటు బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు. అంతకు మించితే పెళుసవుతుంది. ఎండాకాలంలో రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ 1 శాతమే కలిపి తెల్లారే పని మొదలుపెడతాం, లేకుంటే డబ్బాలోనే గడ్డకడుతుంది. ముసురు రోజుల్లో పైపొర జిగురుగానే మిగులుతుంది కాబట్టి తేదీ వాయిదా వేస్తాం. రంగు బూత్‌లో 60 డిగ్రీలు దాటనివ్వం, దాటితే మ్యాటు గీతలు రంగు మీద తేలతాయి.

ముందు అద్దం బదులు అక్రిలిక్ షీటు కోసి పెట్టమని కొందరు అడుగుతున్నారు. అక్కడ ల్యామినేటెడ్ సేఫ్టీ గ్లాసే (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది) ఉండాలి, అక్రిలిక్ పెట్టం. చిన్న రాయి దెబ్బయితే పగులు పాకకముందే టేపు అంటించి తీసుకురండి, రెజిన్ ఎక్కిస్తాం. అంచు దాకా పోయిందంటే మా చేతిలో లేదు.