మూడు చుక్కల డామ్సెల్ ఇక మా దగ్గర దొరకదు

అందరికీ నమస్కారం. మెరైన్ (ఉప్పునీటి చేపల) ట్యాంకు పెట్టుకున్న మన కస్టమర్లందరికీ ఒక మార్పు చెప్పాలి. ఈ నెల నుంచి మూడు చుక్కల డామ్సెల్, బ్లూ డెవిల్ డామ్సెల్ అనే చేపల్ని మా షాపులో అమ్మం. "చవక, గట్టి చేప, కొత్త ట్యాంకులో మొదట ఇదే వెయ్యండి" అని ఇంతకాలం చెప్పింది మేమే. ఆ సలహా తప్పు. దాని ఫలితం వెంటనే కనపడదు. ట్యాంకు నిలకడ పడ్డాక మీరు ముచ్చటపడి ఫైర్‌ఫిష్ లాంటి పిరికి చేపని తీసుకెళ్తారు, డామ్సెల్ దాన్ని తరుముతుంది, వారం తిరక్కముందే అది ఏమైందో తెలియదు.

మూడు చుక్కల డామ్సెల్ కొనేటప్పుడు రెండు సెంటీమీటర్లుంటుంది. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలతో ముద్దుగా ఉంటుంది. పెరిగితే 12 సెంటీమీటర్లు దాటుతుంది, చుక్కలు మాసిపోతాయి, ఒక రాయిని సొంతం చేసుకుని అటు వచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటాం కదా, ట్యాంకులో అది చెల్లదు. ముందు దిగిన చేపదే పెత్తనం. ట్యాంకు సైకిల్ చెయ్యడానికి, అంటే అమ్మోనియా లాంటి విషాల్ని తినేసే బ్యాక్టీరియాని పెంచడానికి, అసలు చేపే అక్కర్లేదు. అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో అమ్మోనియాని 2 పీపీఎంకి (లీటరుకి 2 మిల్లీగ్రాములకి) తెచ్చి, 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగుతున్నాయంటే ట్యాంకు సిద్ధమైనట్టే.

అందుకే ఇకనుంచి చేపలు ఒక వరసలోనే ఇస్తాం. మూడడుగుల ట్యాంకుకి, అంటే 3 × 1.5 × 1.5 అడుగులు, సుమారు 190 లీటర్లకి, మొదట ఫైర్‌ఫిష్ లేదా చిన్న గోబీ. మూడు వారాల తర్వాత రాయల్ గ్రామా. ఆ తర్వాత క్లౌన్ జత. సిక్స్‌లైన్ రాస్, డాటీబ్యాక్ లాంటి దుడుకు చేపలు కావాలంటే అన్నిటికన్నా చివర. అన్నీ ఒకే రోజు బిల్లు చెయ్యమంటే చెయ్యం, దయచేసి కోపం తెచ్చుకోవద్దు. ఫైర్‌ఫిష్ కూడా ఒక్కటే ఇస్తాం. జత కుదరని రెండు ఫైర్‌ఫిష్‌లు ఒక ట్యాంకులో పడితే ఒకటే మిగులుతుంది. మూడడుగుల ట్యాంకులో టాంగ్ చేపని పెట్టొచ్చని మా పాత చార్టులో ఉండేది, దాన్ని తీసేశాం. యెల్లో టాంగ్‌కి కనీసం నాలుగడుగులు, పౌడర్ బ్లూ టాంగ్‌కి ఆరడుగులు ఉండాలి.

ఇప్పటికే పెత్తనం చేసే చేప ఉన్న ట్యాంకులోకి పిరికి చేపని వెయ్యాలంటే అక్లిమేషన్ బాక్స్ (కొత్త చేపని అలవాటు చేసే డబ్బా) తప్పనిసరి. చిల్లులున్న పారదర్శక అక్రిలిక్ డబ్బా అది, లోపలి అద్దానికి తగిలించాలి. కొనక్కర్లేదు, 500 రూపాయలు డిపాజిట్ పెట్టి తీసుకెళ్ళండి, తిరిగి తెచ్చినరోజు మొత్తం ఇచ్చేస్తాం. చేపని దించేముందు అందులో గమ్ము తగలని కొత్త పీవీసీ ఎల్బో (వంపు పైపు ముక్క) ఒకటి వెయ్యండి, ముప్పావు అంగుళంది సరిపోతుంది. ఇది చాలామంది వదిలేస్తారు. దాక్కునే చోటు లేకుండా నాలుగు వైపులా కనపడే డబ్బాలో పెడితే, చేపని బయటిది కొట్టకపోయినా బెదురే చంపేస్తుంది.

మొదటిరోజు డామ్సెల్ డబ్బా గోడకి ముక్కు కొట్టుకుంటూ అక్కడే తిరుగుతుంది. రెండోరోజుకి ఆ జోరు తగ్గాలి. మూడో నాలుగో రోజుకి డబ్బా పక్కనుంచి వెళ్తూ కూడా పట్టించుకోకపోతే, ఆ రాత్రి లైట్లు ఆరిన అరగంటకి డబ్బాని బొరియ దగ్గరికి జరిపి మూత తీసి నెమ్మదిగా వంచండి. వలతో తీయొద్దు. ఐదోరోజుకీ గోడ మీద పడుతూనే ఉంటే మాత్రం వదలొద్దు. అప్పుడు ఆ కొట్టేదాన్నే డబ్బాలో పెట్టి, కొత్తదాన్ని వారం రోజులు ట్యాంకులో తిరగనివ్వండి. బయటికొచ్చేసరికి పాతది తన ఇలాకా పోగొట్టుకుని ఉంటుంది. అది కాపుకాసే రాళ్ళని కూడా ఈలోపు అటూ ఇటూ మార్చగలిగితే మరీ మంచిది. కోరల్స్ అతికించిన రాళ్ళయితే కదపొద్దు. టాంగ్‌లకి ఇంకో ఉపాయం ఉంది: పక్క అద్దానికి బయటనుంచి ముఖం చూసుకునే అద్దం ఆనించి పెడితే, రెండుమూడు రోజులు తన ప్రతిబింబంతోనే తలపడుతూ కొత్తదాన్ని మరిచిపోతుంది. డామ్సెల్స్ మీద ఇది అంతగా పనిచెయ్యదు.

మేత దగ్గరే అసలు యుద్ధం. అలలు పుట్టించే వేవ్‌మేకర్, నీళ్ళు తిప్పే రిటర్న్ పంపు పది నిమిషాలు ఆపండి. ఫ్రోజెన్ మైసిస్‌ని (చిన్న రొయ్యల్లాంటి మేత) ట్యాంకు నీళ్ళలో కరిగించి వడకట్టి ఉంచుకోండి. ముందు ఒక చివర పెల్లెట్లు చల్లండి, దుడుకు చేపలన్నీ అటు వెళ్తాయి. వెంటనే రెండో చివర పొడుగాటి పిపెట్‌తో పిరికి చేప బొరియకి ఒక జానెడు పైన ఐదారు మైసిస్‌లు వదలండి. నేరుగా బొరియలోకి చిమ్మితే చేప లోపలికి ఇంకా వెనక్కి పోతుంది. ఫైర్‌ఫిష్ తల బయటపెట్టి, వెన్ను మీది పొడుగాటి రెక్కని ఎత్తుతూ దించుతూ నీళ్ళలో నిలబడి, ఎదురొచ్చిన ముక్కని అందుకుంటుంది. ఆ రెక్క ఆడుతోందంటే భయపడాల్సింది లేదు. మా వైపునుంచి హామీ ఏంటంటే, వరసగా మూడురోజులు మేత తినని చేపని ఇకనుంచి అమ్మం. కొనేముందు మీ ఎదుటే తినిపించి చూపించమని అడగండి.

దాక్కోవడం వేరు, తరిమితే పారిపోవడం వేరు. బొరియలోంచి తల పెట్టి చూస్తూ మేతకి వచ్చేది బాగానే ఉన్నట్టు. పై మూలలో, నీళ్ళు బయటికి పొర్లే ఓవర్‌ఫ్లో పక్కన, నీటిమట్టానికి ఆనుకుని నిలబడి గబగబా ఊపిరి తీస్తుంటే, తోక చివర్లు చిరిగి ఉంటే, ఇంకా అలవాటు పడుతోందిలే అనుకోవద్దు. ఆరోజే విడదీయాలి. ఆలస్యమైతే బెదురుతో నీరసించిన చేపకి తెల్లచుక్కల జబ్బు తగులుకుంటుంది, అది మిగతావాటికి పాకుతుంది. అసలు కనపడకపోతే రాళ్ళు ఎత్తి వెతక్కండి, లైట్లు ఆరిన గంటకి ఎర్ర టార్చితో చూడండి. ట్యాంకు బయట నేల మీద కూడా చూడండి, ఎందుకంటే తరిమిన ఫైర్‌ఫిష్ గెంతుతుంది. 6 మిల్లీమీటర్ల మెష్ మూత ఉన్నా వైర్లు దిగేచోట సందు వదిలితే అందులోంచే పోతుంది.

క్లౌన్ జత గురించి రోజూ ఫోన్లు వస్తున్నాయి. పెద్దది ఆడది. అది చిన్నదాన్ని ముక్కుతో పొడిస్తే, చిన్నది పక్కకి వాలి ఒళ్ళంతా వణికిస్తుంది. అది లొంగుబాటు, ఫిట్స్ కాదు. రెక్కలు చిరగనంతవరకు వాటినలా వదిలెయ్యండి. మూడో క్లౌన్ మాత్రం తేవద్దు.

మా దగ్గర కొన్న డామ్సెల్స్‌ని వెనక్కి తీసుకుంటాం, బిల్లు అక్కర్లేదు. సీసా మూతిలో పట్టేంత చిన్నదైతే, పట్టడానికి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చాలు. లేబులూ గమ్మూ పోయేలా కడిగి, మూతి భాగాన్ని భుజం కింద కోసి, తిరగేసి సీసాలోకి దూర్చి దారంతో కట్టండి. ఒంటికి వేడి మేకుతో చిల్లులు పెట్టండి, మేత వాసన బయటికి రావాలి. ఒకరోజు ఖాళీగా ట్యాంకు అడుగున పడుకోబెట్టండి. రెండోరోజు మిగతా చేపలకి మేత పెట్టకుండా సీసాలో ఒక రొయ్య ముక్క వెయ్యండి. పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండండి, వేరే చేప దూరితే వెంటనే వదిలెయ్యాలి. డామ్సెల్ చిక్కగానే మూడోవంతు ట్యాంకు నీళ్ళు, మిగతా గాలి ఉండేలా కవరులో కట్టి, పేపరు చుట్టి, ఎండ ఎక్కకముందే తీసుకురండి.