పై పేరు గెలిచింది, కింది పేర్లు ఓడాయి

సంపాదకుల గారికి నమస్కారం.

జమిలి ఎన్నికల మీద మీరు రాసిన సంపాదకీయం ఇక్కడ నాషువాలో, పొయ్యి మీద పప్పు పెట్టుకుని ఫోన్లో చదివాను. పప్పు కాస్త అడుగంటింది, అది వేరే సంగతి. అమెరికాలో అధ్యక్షుడి దగ్గర్నుంచి రాష్ట్ర శాసనసభ్యుడి దాకా ఒకే కాగితం మీద ఎన్నుకుంటారనీ, అక్కడ లేని ఇబ్బంది మనకెందుకనీ రాశారు. ఆ కాగితం నేను చాలాసార్లు నింపాను. మాది తెనాలి. న్యూ హ్యాంప్‌షైర్‌లో స్థిరపడి, ఇక్కడే పౌరసత్వం తీసుకున్నాను. జమిలి మంచిదో చెడ్డదో తేల్చడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ కాగితం సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

2020లో కోవిడ్ భయంతో బ్యాలెట్ ఇంటికే తెప్పించుకున్నాం. డైనింగ్ టేబుల్ మీద ఎదురెదురుగా కూర్చుని నింపుతున్నాం. మావారు డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి బైడెన్ పక్క సున్నా నల్లగా నింపారు. ఆ కిందే గవర్నర్. అక్కడ పార్టీ మార్చి రిపబ్లికన్ సునూనుకి వేశారు, కోవిడ్‌లో బాగా చేశాడని. కింద సెనేటర్, కాంగ్రెస్ సభ్యుడు, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, రాష్ట్ర సెనేట్, రాష్ట్ర ప్రతినిధుల సభ, ఆ తర్వాత షెరీఫ్, చివరికి దస్తావేజుల రిజిస్ట్రార్ కూడా ఉన్నారు. (అవును, ఇక్కడ రిజిస్ట్రారును కూడా ఓటేసి ఎన్నుకోవాలి.) ప్రతినిధుల సభ దగ్గరికి వచ్చేసరికి మా వార్డుకి ముగ్గురిని ఎంచుకోమని ఉంది. ఆయన పెన్ను మూత పెట్టేశారు. "వీళ్ళెవరో నాకేం తెలుసు?" అన్నారు.

ఆ నవంబరులో మా రాష్ట్రంలో బైడెన్ దాదాపు 59 వేల ఓట్ల మెజారిటీతో గెలిచాడు. అదే కాగితం మీద సునూను 65 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. రాష్ట్ర శాసనసభ రెండు సభలూ డెమొక్రాట్ల చేతిలోంచి జారి రిపబ్లికన్ల చేతికి వెళ్ళాయి. ప్రతినిధుల సభలో 213 మంది రిపబ్లికన్లు, 187 మంది డెమొక్రాట్లు. పై పేరు గెలిచినా కింది పేర్లను లాక్కురాలేకపోయింది. దేశం మొత్తం మీద చూసినా బైడెన్ గెలుపుతో డెమొక్రాట్లు ఒక్క రాష్ట్ర సభను కూడా కొత్తగా గెలుచుకోలేదు.

దీనికి రెండేళ్ళ ముందు, 2018లో, అధ్యక్ష ఎన్నిక లేని ఏడాది కాబట్టి అప్పటి అధ్యక్షుడు ట్రంప్ పేరు కాగితం మీదే లేదు. అయినా ఆయన మీది కోపమంతా ఆయన పార్టీ రిపబ్లికన్ల మీద పడి, మా రాష్ట్రంలో రెండు సభలూ డెమొక్రాట్లకు వచ్చాయి. పేరు లేనప్పుడు ముంచాడు, పేరు ఉన్నప్పుడు తాను ఓడి తన వాళ్ళను గెలిపించాడు! ఒబామాదీ ఇదే కథ. ఆయన పేరు లేని 2010లో మా ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు 298కి చేరారు. ఆయన పేరు ఉన్న 2012లో సభ మళ్ళీ డెమొక్రాట్లకు వచ్చింది. 2014లో మళ్ళీ పోయింది.

మా సభలో 400 మంది ఉంటారు. 14 లక్షల జనాభా ఉన్న చిన్న రాష్ట్రానికి 400 మంది! ఒక్కొక్కరికి ఏడాదికి 100 డాలర్లు జీతం, 1889 నుంచీ అంతే. పాలప్యాకెట్‌కి వెళ్తే షాపులో పలకరించే మనిషి కూడా శాసనసభ్యుడై ఉండొచ్చు. ఇంత దగ్గరి మనుషుల తలరాత వాషింగ్టన్‌లో ఎవరో మాట్లాడిన మాటల మీద ఆధారపడటం చూస్తే నాకు జాలేస్తుంది.

వర్జీనియాలో అయితే రాష్ట్ర ఎన్నికలు బేసి సంవత్సరాల్లో పెట్టుకున్నారు, అధ్యక్షుడి ఎన్నికతో కలవకుండా. అయినా గాలి తగలక మానలేదు. 2017లో అక్కడి దిగువ సభలో రిపబ్లికన్లు 66 నుంచి 51కి పడిపోయారు. న్యూపోర్ట్ న్యూస్‌లో ఒక సీటుకి ఇద్దరికీ సమానంగా ఓట్లొస్తే గిన్నెలో చీటీలు వేసి తీశారు. ఆ చీటీతోనే 51-49 తేలింది. ట్రంప్ ప్రయాణ నిషేధం చూసి రాజకీయాల్లోకి వచ్చిన గజాలా హష్మి, మన హైదరాబాదులో పుట్టినావిడ, 2019లో అక్కడి సెనేట్‌కి గెలిచారు. 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా కూడా ఎన్నికయ్యారు.

మరి పై పేరు వెంట కింది పేర్లు కొట్టుకొచ్చిన రోజులు లేవా అంటే, ఉన్నాయి. మా పక్క రాష్ట్రం మెయిన్‌లో 1964 అధ్యక్ష ఎన్నికలో డెమొక్రాట్ జాన్సన్ చేతిలో రిపబ్లికన్ గోల్డ్‌వాటర్ చిత్తుగా ఓడితే, ఎన్నో ఏళ్ళుగా రిపబ్లికన్ల కోటగా ఉన్న శాసనసభ కూడా డెమొక్రాట్లదైపోయింది. అప్పట్లో మెయిన్ బ్యాలెట్ మీద 'పెద్ద గడి' ఉండేది. అందులో ఒక్క గుర్తు పెడితే పై నుంచి కింది దాకా అన్ని పదవులకూ అదే పార్టీకి ఓటు పడినట్టు. 1972లో దాన్ని తీసేశారు. మా న్యూ హ్యాంప్‌షైర్‌లో 2007లో తీసేశారు. పెన్సిల్వేనియాలో 2019లో తీసేశారు, 2024లో ట్రంప్ ఆ రాష్ట్రం గెలిచినా దిగువ సభ 102-101తో డెమొక్రాట్ల దగ్గరే ఉండిపోయింది. మిషిగన్‌లో ఆ గడి ఇంకా ఉంది, అక్కడ ట్రంప్ గెలిచాడు, దిగువ సభా చేతులు మారింది. గడి ఒక్కటే కారణం అనను. కానీ కాగితం ఎలా ముద్రించారన్నది చిన్న విషయం కాదు.

ఇది మా అమ్మకి చెబితే వెంటనే అర్థమైంది. 2024 మే 13న తెనాలిలో ఆవిడ ఒకే బూత్‌లో రెండు మీటలు నొక్కి వచ్చింది. అక్కడ కూటమి నుంచి ఎమ్మెల్యేకి గాజు గ్లాసు, ఎంపీకి సైకిల్. "ఒకే జట్టుకి రెండు బొమ్మలేమిటే, ఏ మిషన్‌లో ఏది చూసుకోవాలో అని లైన్లో టెన్షన్ పడ్డాం" అంది. మెయిన్ వాళ్ళు చట్టం చేసి తీసేసిన సదుపాయం, మా అమ్మకి పొత్తు వల్ల పోయిందన్నమాట.

మీ మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. 2024లో, ట్రంప్ జట్టులో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరు గురించి మన పత్రికలూ చానళ్ళూ ఎంత రాశాయో, ఎంత చూపించాయో. మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కూడా నెలరోజులు అదే. మా నాషువా నుంచి శాసనసభకు ఎన్నికైన వాళ్ళలో లతా మంగిపూడి గారు ఉన్నారు. ఆ ఇంటిపేరు చూస్తేనే మనవాళ్ళని తెలుస్తుంది కదా, అయినా ఆవిడ ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ అమ్మకం పన్ను లేదు, బడుల ఖర్చంతా ఎక్కువగా ఇంటిపన్ను మీదే పడుతుంది. 2020లో గెలిచిన ఆ సభ మరుసటి ఏడాది బడ్జెట్‌లోనే ప్రైవేటు బడులకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే పథకం పెట్టింది. పదేళ్ళకు సరిపడా రాష్ట్ర శాసనసభ నియోజకవర్గాల గీతలు కూడా వాళ్ళే గీశారు. మావారు మూత పెట్టేసిన ఆ పెన్ను గీయని సున్నాల్లో ఈ సంగతులన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం నేను ముగ్గురివీ నింపాను కానీ, నిజం చెప్పాలంటే పార్టీ పేరు చూసే నింపాను. ఆయన కంటే నేనేమీ గొప్ప కాదు.

2024లో మళ్ళీ అధ్యక్ష ఎన్నిక. డెమొక్రాట్ల అభ్యర్థి హారిస్ మా రాష్ట్రం గెలిచింది. ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు 222కి పెరిగారు. ఈసారి బూత్‌కే వెళ్ళాం. మావారు నాకన్నా ఎక్కువసేపు తెర వెనక ఉన్నారు. బయటికొచ్చాక అడిగితే, ప్రతినిధుల సభ దగ్గర ఇద్దరికి వేసి మూడో సున్నా వదిలేశానన్నారు.

"ఎందుకు?" అన్నాను.

"ఆయన మన ఇంటికి రాలేదుగా" అన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు
నాషువా, న్యూ హ్యాంప్‌షైర్