మిద్దెతోటకు జాలీ గది కట్టించాలనుకుంటున్నవారికి

అందరికీ నమస్కారం. తోటకు వల కట్టాలా, ఇనుప జాలీ బిగించాలా అని చాలామంది అడుగుతున్నారు. ముందు మీ మేడ మీదికి వచ్చేది ఎవరో చూసుకోండి. పావురాలు, పిగిలిపిట్టలు మాత్రమే అయితే నైలాన్ వల చాలు. కానీ బిగుతుగా లాగి కట్టాలి. వదులుగా వేలాడితే పిట్టల కాళ్లు చిక్కుకుంటాయి. ఉడతలుంటే నైలాను నిలవదు. ఒక మూల కొరికి దారి చేసుకుని, పండిన టమాటాను ఓ పక్క తిని, మిగతాది మనకు వదిలేస్తాయి (ఎంత దయో!). వాటికి అరంగుళం కన్నాల జీఐ వెల్డ్‌మెష్ (జింకు పూత ఉన్న, తీగలు అతికించిన ఇనుప జాలీ) కావాలి.

కోతులు వచ్చే వీధుల్లో ఖర్చుకు వెనకాడకండి. ఇనుప గొట్టాల చట్రం, పైకప్పుకూ జాలీ, తలుపుకు తాళం. ఉత్తి గడియను అవి చక్కగా తీసేస్తాయి.

పురుగులు రాకుండా దోమతెర లాంటి సన్నని వల వేస్తే తేనెటీగలూ రావు. వంగ, మిరప, ఆకుకూరలకు పెద్ద ఇబ్బంది లేదు గానీ, బీర, కాకర, గుమ్మడికి మగపువ్వు కోసి ఆడపువ్వుకు మీరే అద్దాలి. బీర సాయంత్రం పూస్తుందని గుర్తుంచుకోండి.

స్తంభాల కోసం స్లాబుకు రంధ్రాలు వేయనివ్వకండి, వానాకాలం ఇల్లు కారుతుంది. పిట్టగోడకు క్లాంపులు బిగించమనండి. ఎత్తు ఏడడుగులైనా ఉంటే పందిరి కింద వంగకుండా తిరగవచ్చు. నీళ్ల ట్యాంకు దగ్గరికి దారి వదలడం మరవకండి.